దిద్దించిన పేరు

బాపూ,

నీ మరణ ధ్రువపత్రం దిద్ది నిన్న చేతికిచ్చారు. అందులో నీ పేరు రాజయ్య.

మొదటి తప్పు నాదే. నువ్వు పోయినప్పుడు పంచాయతీలో పేరడిగితే, ఊరంతా పిలిచినట్టే మల్లయ్య అని చెప్పాను. బొగ్గుబావి ఉద్యోగం వచ్చింది మీ అన్న రాజయ్యకని, దిగడానికి ఆయన భయపడితే ఆ పేరుతో నువ్వు ముప్పై ఏళ్లు పనిచేశావని ఆ గడియ తోచలేదు. రాజయ్య చనిపోయినట్టు కాగితం లేనిదే అమ్మకు పింఛను రాదన్నారు.

పేరు దిద్దించేందుకు సాక్షిగా మీ అన్నే, పెద్దబాపే వచ్చాడు. ఆయన ఆధార్ కార్డు చూసి గుమస్తా నవ్వాడు.

"ఏందే తాతా, సచ్చింది నువ్వేనా?"

"రాసుకో సారూ. బావిలకు దిగుడు భయమై బతికినోణ్ణి. గిప్పుడు కాగితంల సస్తే ఏమైతది?"

తర్వాత 'రాజయ్య భార్య' అని ఉన్నచోట అమ్మను వేలిముద్ర వేయమన్నారు. పక్క కుర్చీలో రాజయ్య ఉన్నాడు.

"మా బావ పెండ్లాన్నని ఏలు ఎట్ల ఏస్త బిడ్డా?" అని అమ్మ నా చెవిలో అంది.

పెద్దబాపుకు వినబడింది. లేచి బయటికి పోయాడు. అప్పుడు వేసింది.

ఇవాళ నీ ఏడాది కార్యం. ఆయన రాలేదు. పోయి పిలుచుకురమ్మని అమ్మా అనలేదు.