నాలుగో పేజీ కింద సంతకం

జూన్ 3, మంగళవారం. ఉదయం 6.20

అమ్మాయికి రెండు వెటర్నరీ కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి బస్సులో అరగంట దూరం. ఇంట్లో ఉండి చదువుకోవచ్చు. రెండోదానికి రైల్లో ఒక పగలంతా ప్రయాణం; హాస్టల్ తప్పదు. జంతువుల క్లినిక్‌లో నేను పందొమ్మిదేళ్లుగా అసిస్టెంటుని. డాక్టరుగారు చదివి పక్కన పడేసిన పుస్తకాలే నా చదువు. కనుక ఈ ఎంపిక నాకు తెలిసిన విషయమే. ముప్పై నాలుగు అంశాలతో పట్టిక మొదలుపెట్టాను.

జూన్ 4, బుధవారం

దగ్గరి కాలేజీ పదకొండు మార్కులతో గెలిచింది. చదువయ్యాక మా క్లినిక్‌లోనే చేరవచ్చన్న అంశానికి ఎక్కువ మార్కులు వేసిన మాట నిజమే. అమ్మాయి పట్టికను అటూ ఇటూ తిప్పి, నాన్నా, ఇందులో నేనెక్కడున్నాను అంది. పదిహేడో అంశం, 'విద్యార్థిని ఆసక్తి', చూపించాను. మా ఆవిడ అందుకుంది. ఇల్లు కొన్నప్పుడూ ఇలాగే మార్కులేశారు, వంటింటికి కిటికీ లేదన్న సంగతి మాత్రం ఏ గడిలోకీ ఎక్కలేదు అంది.

జూన్ 6, శుక్రవారం

దూరపు కాలేజీ నుంచి కవరు. దరఖాస్తులో సంరక్షకుడిగా పేర్కొన్న వ్యక్తి కవరులో ఉన్న దాని ప్రతిని చదివి, ప్రతి పేజీ కింద సంతకం చేసి, పదహారో తేదీలోగా పంపాలట. లేకపోతే సీటు పోతుందట. అమ్మాయి రాసింది నా పేరే. మొత్తం చదివే పెట్టు నాన్నా అంది. చదవకుండా సంతకం చేసే అలవాటు నాకెప్పుడుంది అన్నాను. తెలుసులే అంది. నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం 5.40

నాలుగో పేజీ చదివాను. మళ్లీ మొదటినుంచి చదివాను.

జూన్ 7, శనివారం. ఉదయం 5.50

వరుసగా రాస్తే తప్ప నా బుర్రకెక్కదు.

ప్రశ్న: ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారు?

తనకు పదకొండేళ్లప్పుడు, బడి వదిలాక మందుల బీరువా వెనక కూర్చుని హోంవర్కు చేసుకుంటూ చూసిన సంగతిని అమ్మాయి జవాబుగా రాసింది.

నేను రోజూ ఉదయాన్నే జాబితా రాస్తాను: కేజ్ నంబరు, జంతువు, మందు. ఆ రోజు కేజ్‌లు కడిగాక రెండు బూడిదరంగు పిల్లులు ఒకదాని కేజ్‌లోకి ఒకటి వెళ్లాయి. మూడో నంబరుకు ఆపరేషన్ ముందరి మత్తు ఇంజెక్షన్ అని జాబితాలో ఉంది. ఇచ్చాను. అది గుండెజబ్బు పిల్లి. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పుడు డాక్టరుగారు క్లినిక్‌లో లేరు. జబ్బు ముదిరి గుండె ఆగిందని పిల్లిని పెంచుకున్న దర్జీ ఆవిడతో చెప్పాను. డాక్టరుగారితోనూ అదే చెప్పాను. రిజిస్టరులోనూ అదే రాశాను.

చనిపోయినదాన్ని దాని అసలు కేజ్‌లోకి మార్చాను. అమ్మాయి అదీ చూసింది. అదీ రాసింది.

మా నాన్న చాలా జాగ్రత్త మనిషి, ఆ రోజు కాగితం చూశారు గానీ పిల్లిని చూడలేదు, అని ముగించింది.

ఏడేళ్లు. ఏడేళ్లు ఆ పిల్ల నా పక్కనే కూర్చుని అన్నం తిన్నది.

జూన్ 8, ఆదివారం

సంతకం చేయకపోయినా అడిగేవారు లేరు. దగ్గరి కాలేజీ ఉండనే ఉంది. ఈ వాక్యం నేనే రాశాను, కొట్టివేయను.

ఇన్నేళ్లూ ఎందుకడగలేదని అమ్మాయిని అడిగాను. నువ్వే చెబుతావని చూశాను నాన్నా, తర్వాత చూడటం మానేశాను అంది. ఏ కాలేజీ కావాలి అన్నాను. మొదటినుంచీ దూరపుదే, అక్కడికైతే నువ్వు టిఫిన్ డబ్బా పట్టుకుని రాలేవు కదా అంది. మరి నేను సంతకం చేయకపోతే? దగ్గరిదాంట్లోనే చేరతాను, నీ క్లినిక్‌లో మాత్రం అడుగుపెట్టను అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కొంత నయంగా ఉండేది.

జూన్ 9, సోమవారం

డాక్టరుగారికి నిలబడే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తీసి తుడిచారు. ఆనాటి రిజిస్టరు తెమ్మన్నారు. నేను రాసిన కారణం కొట్టేసి, తన చేత్తో అసలు కారణం రాశారు. ఇంజెక్షన్ల బీరువా తాళం తీసుకున్నారు. ఇక సూది ముట్టుకోకు, నిన్ను ఉంచాలో వద్దో ఆలోచించుకోనీ అన్నారు. గుమ్మం దాటుతుంటే, నువ్వు లేకపోతే ఈ క్లినిక్ లేదని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నానయ్యా అన్నారు.

ఇంటికొచ్చి నాలుగు పేజీల కిందా సంతకం చేశాను.  

జూన్ 10, మంగళవారం

రిజిస్టర్డ్ పోస్టు చేశాను. రసీదు చాపితే అమ్మాయి తీసుకుంది.

జూన్ 11, బుధవారం

దర్జీ ఆవిడ మిషను ఆపి, నేను చెప్పిందంతా విన్నది. తిట్టలేదు. పోయేముందు అది అరిచిందా అని మాత్రం అడిగింది. లేదమ్మా, నిద్రలోనే పోయింది అని ఆనాడు ఇదే గుమ్మంలో చెప్పినవాణ్ణి.

ఒకసారి, అన్నాను.