బుగ్గలో పలికే మాట

అమ్మాయీ డ్రికా,

బడి పిల్లల కోసం నువ్వు రాస్తున్న మాటల పుస్తకం అందింది. నాలుకతో చప్పుళ్ళు చేస్తూ పలికే మన నూ భాషలో, అడవి పుచ్చకాయ అనే మాటకి ఏ చప్పుడు రాయాలని అడిగావు. పంటి వెనక, జాలిపడినప్పుడు చేసే చప్పుడని నేను. కాదు, బుగ్గలో, గాడిదని అదిలించే చప్పుడని మీ నాన్న ఇసాక్. నలభై ఏళ్ళు పోట్లాడుకున్నాం.

"నీకు చెవుడే అక్కా" అనేవాడు.

"నువ్వు పుట్టేసరికే అమ్మకి ముందు పళ్ళు ఊడిపోయాయిరా. నువ్వు నేర్చింది బోసినోటి మాట" అనేదాన్ని.

మన భాష మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే మిగిలాం. వాడు పోయాక మేకలతో మాట్లాడుతున్నాను. అవి తలైనా ఎత్తవు.

పోయిన నెల క్లినిక్‌లో నా ముందు పళ్ళు తీసేశారు. నిన్న పుచ్చకాయ కోస్తూ, అలవాటుకొద్దీ ఆ మాట పైకే అన్నాను. బుగ్గలోంచి వచ్చింది. అచ్చం ఇసాక్ అన్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూశాను కూడా.

పళ్ళు లేకపోతే మాట బుగ్గలోకి జారుతుందన్నమాట; ఒప్పు నాదే. అయినా పుస్తకంలో మీ నాన్న అన్నట్టే రాయి. మా అమ్మ ఆఖరిదాకా అలాగే అంది.

మీ అత్త