ఫ్యూజు బదులు జరీపోగు

ఆదివారం, హిందూపురం.
కోపం దిగలేదు, అందుకే రాస్తున్నాను.

ధర్మవరం నుంచి మనవరాలు లావణ్య పాత కారులో నన్ను తీసుకొస్తుంటే, పెనుకొండ దగ్గర కాలిన వాసన వచ్చింది. ఆపి చూస్తే, పోయిన ఫ్యూజు బదులు మా అబ్బాయి జరీపోగు చుట్టి పెట్టాడు.

"చీరలమ్మేటోళ్లం కదవ్వా, జరీకి కరువా!" అని లావణ్య నవ్వింది.

ఇంటికొచ్చి అడిగితే వాడు, "లైట్లు వెలుగుతాండాయి కదమ్మా" అన్నాడు.

రేపటి నుంచి లావణ్య ఎర్రమంచిలో ఉద్యోగానికి ఈ కారులోనే ఒంటరిగా పోవాలి. వద్దంటే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. పొమ్మంటే, ఆ వాసన నా ముక్కులోంచి పోవడం లేదు... అందుకే కారు ఇవ్వడానికి మూడు షరతులు పెట్టాను:

1. ఫ్యూజు ఎందుకు పోతోందో ఎలక్ట్రీషియన్ కనిపెట్టి, సరైనది వెయ్యాలి.
2. దారిలో పంక్చరైతే ఒక్కతే ఏం చేస్తుంది? స్టెప్నీ చక్రం లావణ్యే నా ఎదుట బిగించి చూపాలి.
3. అంతదాకా బస్సే. తాళంచెవి వాడడిగినా ఇవ్వను.