పడుగు కిందికి వచ్చిన ఎర్రగొంతు పిట్ట

మోత్కూర్,
12 జనవరి 1959.

షోలాపూర్‌లో సాంచెలు, అదే మరమగ్గాలు, నడుపుతున్న మా వారికి రాజమణి నమస్కరించి రాసేది. ఇక్కడ మామ, నేను, మగ్గం ముగ్గురం బాగానే ఉన్నాం. మీ దగ్గు తగ్గిందో లేదో రాయండి.

మీరు మామ మోకాలి నొప్పి సంగతి అడిగారు. రోజూ నూనె రాస్తున్నాను, నడుస్తున్నారు. ఇక ఎర్రగొంతు పిట్ట. మీ ఉత్తరంలో నాకు ఒక వరుస, దానికి ఎనిమిది వరుసలు. చలికాలంలో ఎక్కడో ఉత్తరాది నుంచి వస్తుందని, మన మైదాకు కంచె కింద పదేళ్లలో మూడుసార్లే కనబడిందని మళ్లీ రాశారు. అందులో రెండుసార్లు చూసింది మీ మేనత్త కూతురు అండాలే. "దాని కండ్లే కండ్లు" అని ఆమె గురించి కూడా రాశారు. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఒకప్పుడు మీకు చేసుకోవాలనుకున్న పిల్ల ఎదురింట్లోనే ఉంటే నాకెలా ఉంటుందో మీకు పట్టదు.

పిట్ట వచ్చింది. పోయిన మంగళవారం పొద్దున వీధిలో పడుగు చాచి గంజి పట్టిస్తున్నాం, అటు అండాలు, ఇటు నేను. కుంచె ఆపితే పోగులు అతుక్కుపోతాయని మీకు తెలుసు. కంచెలోంచి మట్టిరంగు పిట్ట ఒకటి నా కాళ్ల దగ్గరికి వచ్చి తోక ఎత్తింది. గొంతు అచ్చం కుంకుమ. నా చెయ్యి ఆగిపోయింది.

"ఏం జూస్తున్నవక్కా?" అంది అండాలు.

"ఏం లేదు, పోగు తెగింది" అన్నాను. ఈ ఒక్కసారైనా అది నాదే కావాలనుకున్నాను. పిట్ట ఎగిరిపోయేసరికి మూరెడు పడుగు అతుక్కుపోయింది.

ఇక దాచను. మామ కోప్పడితే, అండాలే కుంచె సరిగా వేయలేదని చెప్పాను. "కండ్లు ఏడ పెట్టుకున్నవ్? రేపటిసంది నా పడుగు ముట్టకు" అన్నారు మామ. ఆ కూలి మీదే ఆమె ఇల్లు నడుస్తుంది. అయినా లేచి వెళ్లిపోలేదు. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని అతుక్కున్న పోగులు విడదీసింది. చివరికి మెల్లగా అడిగింది.

"నీ దిక్కు వచ్చింది గదా అక్కా. గొంతు మంచిగ కనబడ్డదా? బావకు నువ్వే రాయి. నేను చెప్ప."

ఆరు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, మామకు నిజం చెప్పి, ఆమెను పనికి పిలుచుకొస్తాను. మీరు మాత్రం ఈసారి నేనెలా ఉన్నానో ముందు అడగండి, పిట్ట సంగతి తర్వాత. అండాలు కండ్ల గురించి ఇక రాయకండి.

ఇట్లు,
మీ ఇంటిది,
రాజమణి.