రోడ్డు మీద ఆగిన దాణా

సెప్టెంబర్ 19, 2011

రాయొద్దనే అనుకున్నాను. కోళ్ల ముచ్చటకు కాగితం దండగ అని నడుం వాల్చాను కూడా. నిద్ర పట్టలేదు. షెడ్డులో చప్పుడు ఇవాళ వేరుగా ఉంది... లేచి కలం పట్టాను.

మా కోడలు సుగుణ గుడ్ల కోళ్ల షెడ్డులో దాణా అడుగంటింది. రావలసిన లారీ వచ్చింది. ఊరి మలుపులోనే ఉంది, షెడ్డు గుమ్మంలో నిలబడితే కనిపిస్తుంది. ఆపింది ఎవరో కాదు, మేమే.

రాష్ట్రం కోసం సమ్మెలో, నర్మెట్ట రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు మొదలైన నాడు “పాలబండి, దవాఖాన బండి తప్ప ఏదీ కదలొద్దు, తెలంగాణ మీద ఒట్టు!” అని మైకులో ఊరందరి చేత అనిపించింది ఎవరయ్యా అంటే — సుగుణే. దాణా సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. కోడి అంటే పెంట మీద గింజలు ఏరుకునే జీవి, అంతే కదా మా బుర్రల్లో.

సెప్టెంబర్ 20

రోడ్డు మీదే భోజనం. పప్పు, వంకాయ. దాణా లారీ డ్రైవర్‌ను మా వరుసలోనే కూర్చోబెట్టాం. నాందేడ్ మనిషి, ఈ రోడ్ల మీద తిరిగి తిరిగి మన తెలుగే మాట్లాడతాడు. సంచుల్లో ఏముంటుందని ఊరికే అడిగాను, పొద్దుపోక.

“సోయా మధ్యప్రదేశ్‌ది తాతా. చేపల పొడి సముద్రం దిక్కు నుంచి. మందు పొడి చీనా నుంచి. మక్కజొన్నలా? మక్కలు మీయే! మానుకోట మార్కెట్ల కొంటరు, దూరం మిల్లుల పట్టిస్తరు, మల్ల మీకే తెస్తం.”

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. బడి మెట్లెక్కినవాణ్ణి కాను. కిరాణా పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. చీనా అనేది ఒకటుందని బెల్లం పొట్లం మీదే చదివాను. అది మా షెడ్డు దాకా వచ్చిందా! కురవిలో మా అత్తగారి చేలో పండిన మక్కలు ఊళ్లు తిరిగి, సంచిలో కుట్టించుకుని, మా కోళ్ల ముందుకే వస్తాయా!

ఇంతవరకు నేను సముద్రం చూడలేదు. మా కోళ్లు రోజూ తింటున్నాయి.

“అయితే కోస్తా చేప తిని తెలంగాణ గుడ్డు పెడుతున్నయా ఇవి?” అన్నాను. వరుసంతా నవ్వింది. సుగుణ నవ్వలేదు.

సెప్టెంబర్ 21

కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. వీపుల మీద ఈకలు లేవు. సుగుణ గుమ్మంలో అడుగు పెట్టగానే అరుపు ఆగిపోతుంది... తలలన్నీ ఆమె వైపే. గుళ్లో కూడా అంత నిశ్శబ్దం వినలేదు.

“బండి కదలొద్దన్నవు గని సంచి కదలొద్దనలేదుగ బిడ్డా. నెత్తి మీద మోసుకొద్దం” అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ.

“దాని ఎనక ఉల్లిగడ్డ లారీ ఉన్నది మామా. మురుగుతున్నది. నాది దించుకొని ఆయినెను ఆపుతనా? ఏం మొఖం పెట్టుకొని ఆపాలె?”

“కోళ్లు చస్తయే!”

“చస్తయి.”

అంతే. పోయి పొయ్యిలో కట్టె ఎగదోసింది. నేను ఎందరో నాయకుల ఉపన్యాసాలు విన్నాను. ఇంత చిన్న ఉపన్యాసం ఇదే మొదలు.

సెప్టెంబర్ 22

చచ్చినవాటిని పొద్దున్నే గుంత తీసి పూడ్చాం.

సైకిల్ మీద జనగామ పోయాను, ఇంట్లో కూర్చోలేక. మాంసం కొట్టు మూసి ఉంది. కొట్టు మనిషి అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు.

“గొర్ల లారీ రాజస్థాన్ నుంచి రావాలె పెద్దాయినా. ఏడ ఆగిందో ఏమో!”

“మన గొర్లు ఏమైనయిరా?”

“మన తిండికి మన గొర్లు సాల్తయా? ఎన్నేండ్లాయె, నువ్వు ఏ లోకంల ఉన్నవ్?”

ఏ లోకంలో ఉన్నానో నిజంగానే తెలియదు. మా నాయన మందలో పెరిగాను. దసరాకు యాటను మందలోంచి పట్టుకొచ్చేవాళ్లం, దాని తల్లి ఎవరో కూడా తెలిసేది. ఇప్పుడు రాష్ట్రం ఇక్కడ అడుగుతున్నాం, పండుగ కూర ఎడారిలోంచి దిగాలి... మా కంచంలోకి ఇంత పొడుగు దారి ఉందని, ఆ దారిని మేమే ఆపేదాకా తెలియలేదు.

సెప్టెంబర్ 23

భూపాలపల్లి నుంచి సమ్మయ్య ఫోన్. నా కొడుకు, సుగుణ పెనిమిటి. బొగ్గుబావిలో పని, అక్కడా సమ్మె.

“లారీ ఇడిపియ్యమని అనను నాయినా. ఈడ బొగ్గు లారీలకు అడ్డం పండుకున్నోళ్లల్ల నేనొకణ్ణి.” గొంతు తగ్గించి అడిగాడు. “మస్తు చచ్చినయా?”

“జర...” అన్నాను. అబద్ధం.

సెప్టెంబర్ 24

ఇవాళ చూసింది రాయడానికి నా పొట్లాల చదువు చాలదు.

తండా నుంచి ద్వాలి వచ్చింది — సుగుణతో పత్తి ఏరే మనిషి. వెనక తండా ఆడవాళ్లు, నెత్తిన గంపలు, గంపల నిండా కొత్త మక్కలు. వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

“ఇదేంది అక్కా, ఒట్టు పెట్టుకున్నం గద...” సుగుణ.

“లారీ కదలొద్దన్నవ్. మేం లారీల లెక్క కనవడుతున్నమా?”

మక్కలు ఇంకా పచ్చి. ఎండాలి. ఎక్కడ? ఏటా మేం తారు రోడ్డు పక్కన భయం భయంగా ఆరబోస్తాం, బస్సులు తొక్కుతాయని. ఇవాళ రోడ్డంతా మాదే! అటు అంచు నుంచి ఇటు అంచు దాకా పోశారు. మా ఊరివాళ్లూ ఇళ్లలోంచి తెచ్చి కలిపారు. మలుపు దాకా పసుపు... ఎండలో కళ్లు నిలవడం లేదు. ఆగిన లారీలు ఆ పసుపులో దిగబడ్డట్టున్నాయి. ఉల్లిగడ్డ లారీ డ్రైవర్ ప్యాంటు మడిచి, కాళ్లతో మక్కలు తిరగేస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకు.

చెప్పులు విడిచి నిలబడ్డాను. ఎందుకో.

సెప్టెంబర్ 26

రోకళ్లతో నలగ్గొట్టి పోశాం. ఆ తినే చప్పుడు... రేకుల మీద పెద్ద వాన. ద్వాలి, సుగుణ ఒకరి భుజం ఒకరు పట్టుకుని వింటున్నారు.

సెప్టెంబర్ 27

ఇవాళ ఏవీ చావలేదు.

సెప్టెంబర్ 28

నాందేడ్ డ్రైవర్ షెడ్డు చూడటానికి వచ్చాడు. చాలాసేపు చూశాడు.

“పానం నిలవడ్డది అక్కా. గని ఒట్టి మక్కలతోని గుడ్డు నిలవడదు. సంచులల్ల ఉన్నది గావాలె.”

“ఎరికే అన్నా.”

“దించుదునా మరి?”

సుగుణ ఉల్లిగడ్డ లారీ వైపు చూసింది. ఆయన తల ఊపి తన లారీ దగ్గరికి పోయాడు.

సెప్టెంబర్ 29

పెంకు లేని గుడ్డు పడింది. పలచటి పొర, లోపల సొన కదలడం కనిపిస్తోంది. సుగుణ దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుంది. తర్వాత గిన్నెలో వేసి, చెయ్యి కడుక్కుని, పొయ్యి ముట్టించడానికి రోడ్డు మీదికి పోయింది.