గెడ్డపాలెం కొండమీద కేంపు

సీతమ్మధార, విశాఖపట్నం
జులై 1976

బావ వరహాలుకి త్రినాథరావు రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అక్క కామేశ్వరి నిన్నూ, కొత్త పెళ్ళికూతురు గౌరీశ్వరినీ మరీమరీ అడిగింది.

విషయమేటంటే, హార్బరులో మా కంపెనీకి శ్రీరామ్మూర్తిగారని కొత్త మేనేజరొచ్చేరు. హిమాలయాలెక్కొచ్చిన మనిషి. "ఇంత పెద్ద దేశంలో ఇన్ని కొండలుంటే మీరు ఎక్కింది సింహాచలం ఒక్కటే, అదీ బస్సులో" అని మమ్మల్ని తిట్టి, కొండలెక్కే సంఘం పెట్టేరు. మొదటి కేంపు మీ గెడ్డపాలెంలోనే అని మాటిచ్చేసేను.

శ్రావణ పౌర్ణమికి జీపులో వస్తాం. గట్టి మగాళ్ళని నలుగురైదుగురిని పోగుచేసి ఉంచు. ఆడవాళ్ళక్కర్లేదు. వచ్చినవాళ్ళకి తలో దుప్పటి ఇస్తాం. ఒక్క రాత్రి పని, తెల్లారి ఇంటికి పోవచ్చు.

మీ త్రినాథరావు

తా.క.: ఎవరినీ భయపడొద్దని చెప్పు. డాక్టరుగారు కూడా వస్తన్నారు. నొప్పులుంటే రెండ్రోజులే.

*

గెడ్డపాలెం

బావకి వరహాలు దండాలు.

నీ కార్డు టీకొట్టుకాడ సదివేను. అప్పట్నించీ ఊళ్ళో ఎవుడికీ ముద్ద దిగట్నేదు.

కొండెక్కడానికొస్తన్నారా? నాను నమ్మాలా? కట్టెలకి మేం రోజూ ఎక్కుతాం. ఏ డాక్టరూ ఎనకాల రానేదు, ఎవుడూ దుప్పటివ్వనేదు. కేంపంటే ఏటో మాకు తెలీదనుకున్నావేటి? పక్కూర్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు సేసే కేంపెట్టి, సంతకొచ్చిన మగోళ్ళని జీపెక్కించుకుపోయి కోసేసేరు. మా సిన్నాన్న కొడుకు నూకాలుకి పెళ్ళే అవనేదు, ఆ మాట మొత్తుకున్నా ఇడవనేదు. ఖాయమైన సంబంధం తప్పిపోనాది. ఇప్పుడు వోడు ఎవుడితోనూ మాటాడ్డు.

మీవోళ్ళు తాళ్ళూ కత్తులూ కొన్నారంట, ఆఫీసు గోడమీద 'ఆపరేషన్' అని నోటీసెట్టేరంట, హార్బరుకి కూలికెళ్ళొచ్చినోళ్ళు సెప్పేరు. నాకూ గౌరీశ్వరికీ పెళ్ళై ఏడాదైనా అవనేదు. మీ మేనేజరుకి మనుషులు కావాలంటే ఇంకో ఊరు సూసుకోమను.

వరహాలు

తా.క.: నీకు ముగ్గురు పిల్లలు. ముందు నువ్వు సేయించుకో.

*

సీతమ్మధార

బావ వరహాలుకి,

నీ ఉత్తరం చదివి మీ అక్క రెండు రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు. పిల్లల మీద ఒట్టు, మేమొచ్చేది కొండెక్కడానికే. తాళ్ళున్నాయి నిజమే, అవి జారిపోకుండా నడుముకి కట్టుకోడానికి. కత్తులు కంపలు కొట్టడానికి. ఆఫీసు గోడమీద 'ఆపరేషన్ గెడ్డపాలెం' అని నోటీసంటించింది కూడా నిజమే. అది మేనేజరుగారి మిలిటరీ అలవాటు, పట్టించుకోకు.

జీపు మాట్లాడేసేం. ఇక ఆగేది లేదు.

మీ త్రినాథరావు

తా.క.: నేను నిరుడే చేయించుకున్నాను. ట్రాన్సిస్టరిచ్చేరు. అదీ పలకడం మానేసింది.

*

సీతమ్మధార

బావ వరహాలుకి,

ఇంటికి చేరేం. అందరికీ జ్వరాలు.

ఆ సాయంత్రం ఊళ్ళోకొస్తే ఆడవాళ్ళూ కుక్కలూ తప్ప ఎవరూ లేరు. చెల్లెమ్మ గౌరీశ్వరి రోకలి పట్టుకుని జీపుకి అడ్డంగా నిలబడింది. వానలో పడుతూ లేస్తూ కొండెక్కితే, మీ మగాళ్ళంతా బండల కింద వణుకుతూ కనిపించేరు. "చూసేరా, మనకి ఎదురు రావడానికి ముందే ఎక్కేసేరు" అని మేనేజరుగారు కళ్ళు తుడుచుకున్నారు.

డాక్టరుగారు పలకరించబోతే నూకాలు ఏడ్చిన ఏడుపు నా చెవిలో ఇంకా ఉంది బావ. పెట్టె బోర్లించి, దూదీ టింక్చరూ తప్ప ఏమీ లేవని చూపించేక గానీ ఊరుకోలేదు. ఆ తరవాత మీరు పెట్టిన అంబలి మాత్రం అమృతం.

ఇక మా జీపు చూసి పారిపోరు కదా? దసరాకి మళ్ళీ వస్తాం.

మీ త్రినాథరావు

తా.క.: మేనేజరుగారు హిమాలయాలెక్కింది నిజమేనట. గుర్రం మీద.

*

గెడ్డపాలెం

బావకి వరహాలు రాసేది.

దసరాకి ముందే జీపొచ్చినాది. డాక్టరు, గుడారాలు, అన్నీ ఉన్నాయి. మీవోళ్ళే అనుకున్నాం. ఎదురెళ్ళి సామాన్లు మేమే దింపేం. గుడారం మేమే కట్టేం. గాలికి ఎగిరిపోకుండా మేకులు నానే దిగ్గొట్టేను. గౌరీశ్వరి కోడిని కోసి కూరొండినాది. "మా బావ రానేదేటి?" అనడిగేను. "ఎనక జీపులో వస్తన్నాడు" అన్నాడొకడు.

నూకాలొక్కడే గుడారం సూడగానే పరిగెట్టినాడు. మేమంతా నవ్వేం. "ఒరే, మా బావ వోళ్ళేరా" అని నానే కేకేసేను.

ఎనక జీపులో పోలీసులొచ్చేరు. గుడారం సుట్టూ నిలబడ్డారు. ముందు పిలిసింది నన్నే.

గౌరీశ్వరి తిట్టనేదు, ఏడవనేదు. అన్నం పెడతాది, పనికెళ్తాది. పక్కింట్లో పసిగుంట ఏడిస్తే మాత్రం తలుపేసేత్తాది.

నీమీద కోపం నేదు బావ. నువ్వు రాసిందంతా నిజమే. కొండమీదకొచ్చిన మీ డాక్టరుగారు మంచోడు. కోసినదాన్ని మళ్ళీ కలపొచ్చునేటో ఆయన్నడిగి రాయి.

వరహాలు

తా.క.: కుదురుతాదంటేనే రాయి. కుదరదంటే జవాబు రాయకు. ఎదురుసూస్తంటాను.