అత్తయ్యకు వినిపించని అధ్యాయం

బందరు, కార్తిక బహుళ తదియ, రాత్రి.

పిల్లలూ, మావారూ నిద్రపోయాక లాంతరు వత్తి తగ్గించి, వాళ్ళ మీద వెలుగు పడకుండా పళ్ళెం అడ్డం పెట్టి, పెట్టె అడుగునున్న పాత నవల తీశాను.

గుడివాడలో కొత్త కోడలిగా దాన్ని దొంగచాటుగా చదివేదాన్ని. ఆడవాళ్ళు నవలలు చదవడం మామగారికి గిట్టదు. మావారు బందరులో చదువుకుంటూ ఉండటంతో నా పడక అత్తయ్య పక్కనే. ఒక రాత్రి ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది. పుస్తకం లాక్కుంటుందేమోనని గబుక్కున దిండు కిందికి తోశాను.

"నాకు చదువు రాదు గదే. కాస్త వినపడేలా చదువు. మీ మావయ్య లేస్తే నాకు కడుపునొప్పని చెప్తాలే" అంది.

అప్పట్నుంచి రోజూ ఆవిడ చెవి దగ్గర గుసగుసగా చదివేదాన్ని. నవ్వొస్తే ఇద్దరం దుప్పటి నోట్లో కుక్కుకునేవాళ్ళం. ఒక్క అధ్యాయం మిగిలి ఉండగా అత్తయ్య తన కూతురి పురిటికని పెడన బయల్దేరింది.

"నేనొచ్చేదాకా చదవకు. నామీద ఒట్టే!"

అక్కడే జ్వరం వచ్చి ఆవిడ కన్నుమూసింది.

పన్నెండేళ్ళు ఆ ఒట్టు దాటలేదు. ఇవాళ ఎందుకో ఆగలేకపోయాను. తప్పు చేశానేమో... కాస్త వినపడేలాగే చదివాను. ఎవరూ లేవలేదు.

కథ సుఖంగానే ముగిసింది, అత్తయ్యా.